షడ్జం కదిలే పాట: జాజ్ పియానో ట్రయో చేసిన స్టాండర్డ్స్ ఆల్బమ్‌ను వినడం ఎలా?

విజయనగరంలో సంగీతం వింటూ పెరిగిన చెవికి ఒక శిక్షణ తనంతట తానే అబ్బుతుంది. పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాల స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసును దానికి తొలి అధ్యక్షుడిగా నియమించిన నాటి నుంచీ, ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పిన రోజుల నుంచీ, ఈ ఊళ్లో కచేరీకి వెళ్లే సామాన్య శ్రోత సైతం పాట ఎత్తుకోగానే రెండు పనులు చేస్తాడు: శ్రుతి ఎక్కడ నిలిచిందో పట్టుకుంటాడు, రాగమేదో పోల్చుకుంటాడు. అటువంటి శ్రోత జాజ్ పియానో ట్రయో (పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురి బృందం) స్టూడియోలో చేసిన స్టాండర్డ్స్ ఆల్బమ్‌ను మొదటిసారి విన్నప్పుడు ఈ రెండు ఆనవాళ్లూ దొరకవు. తంబురా లేదు. పాట సాగుతున్న కొద్దీ షడ్జం చోటు మారుతున్నట్టు అనిపిస్తుంది. ఒక చక్కని వరుస కాసేపు వినిపించి మాయమవుతుంది. ఆ తర్వాత అయిదారు నిమిషాల పాటు ముగ్గురూ దేనిని పట్టుకుని వాయిస్తున్నారో అంతుబట్టదు. ఈ సంగీతంలో కట్టుబాటు లేదని, ఎవరికి తోచింది వారు వాయిస్తారని చాలామంది అనుకోవడానికి కారణం ఇదే. నిజానికి కట్టుబాటు చాలా గట్టిది; కాకపోతే అది రాగంలో లేదు, మనం వెతకని చోట ఉంది.

స్టాండర్డ్ అంటే జాజ్ వాద్యకారులందరికీ కంఠస్థమైన పాత పాట. వీటిలో అధిక భాగం జాజ్ కోసం పుట్టినవి కావు. 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం వృత్తి రచయితలు కట్టిన ప్రేమగీతాలే ఎక్కువ. జెరోమ్ కెర్న్ బాణీకి రెండవ ఆస్కార్ హ్యామర్‌స్టీన్ సాహిత్యం సమకూర్చిన ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’ 1939 నాటి ‘వెరీ వార్మ్ ఫర్ మే’ అనే నాటకంలోది. ఆ నాటకం 59 ప్రదర్శనలకే మూతబడింది, పాట మాత్రం నేటికీ వాడుకలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పౌరాణిక నాటకం ఆడకపోయినా అందులోని పద్యాన్ని అరుగు మీద కూర్చుని రాగం తీసేవారు ఉన్నట్టే, ఆ నాటకం కథేమిటో తెలియని వాద్యకారులు కూడా కెర్న్ బాణీని నిద్రలో లేపి అడిగినా వాయించగలరు.

పాత పాటల మీద ఇంత స్వేచ్ఛ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సంగీతం వెలుపల కూడా ఒక జవాబుంది. అమెరికాలో 1909 నాటి కాపీరైట్ చట్టంతో వచ్చిన నియమం ప్రకారం ఒక పాట ఒకసారి యజమాని సమ్మతితో రికార్డయిన తర్వాత, నిర్ణీత రుసుము చెల్లించి మరెవరైనా దానిని రికార్డు చేసుకోవచ్చు. వాద్యకారుడు రచయిత గుమ్మం దగ్గర పడిగాపులు కాయనక్కరలేదు. ఇందులో ఒక వింత కూడా ఉంది. పది నిమిషాల రికార్డింగ్‌లో తొమ్మిది నిమిషాలు పియానిస్టు అప్పటికప్పుడు అల్లిన సంగీతమే అయినా, పాట రచయితకు చెందవలసిన రాయల్టీ మొత్తం పాత పాట కట్టినవారికే వెళుతుంది. బాణీకి ఉన్న రక్షణ దాని కింద నడిచే కార్డుల వరుసకు ఆచరణలో ఉండదు కనుక, గెర్ష్విన్ 1930లో కట్టిన ‘ఐ గాట్ రిథమ్’ కార్డుల మీద 1940లలో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి వాద్యకారులు లెక్కకు మిక్కిలిగా కొత్త బాణీలు కట్టి, కొత్త పేర్లు పెట్టుకున్నారు.

ఆ కార్డుల వరుసే అసలు సంగతి. మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగించే స్వరసముదాయాన్ని సినిమా వాద్యబృందాల్లో మనవాళ్లు కూడా కార్డ్ అనే అంటారు. స్టాండర్డ్‌ను ఒక్క కాగితం మీద రాసిపెడతారు: కింద బాణీ, పైన ఏ బార్‌లో (తాళపు కొలతలో) ఏ కార్డ్ రావాలో దాని పేరు, అంతే. మొదట బాణీని ఒకసారి ఉన్నదున్నట్టుగా, లేదా కొద్దిపాటి అలంకారాలతో వాయిస్తారు. తర్వాత బాణీని పక్కన పెట్టి, అదే కార్డుల వరుసను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ మళ్లీ తిప్పుతూ, దాని మీద కొత్త సంగీతం అల్లుతారు. చివరికి బాణీ తిరిగి వస్తుంది. ఒక పూర్తి చుట్టును కోరస్ అంటారు.

దీనిని అప్పటికప్పుడు స్వరాలు అల్లే కల్పనస్వరంతో పోల్చడం పరిపాటి. నా దృష్టిలో నెరవల్ ఇంకా దగ్గర పోలిక. నెరవల్‌లో సాహిత్యపు పాదం మారదు, ఏ మాట తాళంలో ఏ చోట పడాలో ఆ చోటు కూడా ఇంచుమించు మారదు, సంగీతం మాత్రం ప్రతి ఆవృత్తిలో కొత్తగా నిండుతుంది. జాజ్‌లో ఆ పాదం స్థానంలో కార్డుల వరుస ఉంటుంది. ఎన్ని చుట్లు తిరిగినా ఇరవయ్యో బార్‌లో రావలసిన కార్డ్ ఇరవయ్యో బార్‌లోనే వస్తుంది; పియానిస్టు ఎంత దూరం వెళ్లినట్టు కనిపించినా బేస్ వాయించేవాడికీ డ్రమ్మర్‌కూ తాము ఎన్నో బార్‌లో ఉన్నదీ తెలుసు.

మన శ్రోత దీనిని చేతితో లెక్కపెట్టవచ్చు. ఎక్కువ స్టాండర్డ్స్ 32 బార్లు, ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. బార్‌లోని ఒక్కో దెబ్బను ఒక అక్షరకాలంగా తీసుకుని ఎనిమిది అక్షరకాలాల ఆది తాళం వేసుకుంటే ఒక్కో భాగం నాలుగు ఆవర్తనాలు, మొత్తం కోరస్ పదహారు ఆవర్తనాలు. ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’ ఈ లెక్కకు కొద్దిగా పక్కకు జరుగుతుంది: చివరి భాగం పన్నెండు బార్లు కనుక మొత్తం 36 బార్లు, అంటే పద్దెనిమిది ఆవర్తనాలు. ఇలా తాళం వేస్తున్నప్పుడు డ్రమ్మర్ ఎడమ కాలి కింద ఉండే జంట సింబల్స్ మూసుకునే ‘చిక్’ చప్పుడును గమనించండి. స్వింగ్ అనే జాజ్ నడకలో అది బార్‌లోని రెండవ, నాలుగవ దెబ్బల మీద పడుతుంది. అంటే మన లఘువులో ఘాతం మీద కాక చిటికెన వేలి మీద, మధ్య వేలి మీద, తర్వాతి రెండు ద్రుతాల్లో చెయ్యి తిప్పే చోట. మనం బరువు పెట్టని చోటల్లా వారు ఒత్తు పెడతారు. కుడి చేతి సింబల్ మీద నడిచే దెబ్బలు కూడా సరిసమానంగా ఉండవు: ఒక అక్షరకాలాన్ని రెండుగా చీల్చినప్పుడు మొదటి భాగం పొడవు, రెండవది పొట్టి. తిశ్ర నడకలో మొదటి రెండు మాత్రలను కలిపేసి మూడవదాన్ని విడిగా పలికితే ఎలా ఉంటుందో సుమారుగా అలా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఈ వ్యత్యాసం తగ్గుతుంది.

తాళం చిక్కు విడిపోయినా శ్రుతి చిక్కు మిగిలే ఉంటుంది. కర్ణాటక సంగీతంలో ఆధార షడ్జం కచేరీ మొత్తానికీ ఒకటే. రాగాలు మారతాయి కాని తంబురా మారదు. ఈ పాటల్లో వ్యవహారం తలకిందులు. ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’ పాట పియానో మీద ఎ-ఫ్లాట్ అనే మెట్టును షడ్జంగా చేసుకుని, స్థూలంగా మన శంకరాభరణం మేళంలో మొదలవుతుంది. ఎనిమిది బార్లు ముగిసేసరికి షడ్జం సి మెట్టుకు, అంటే మొదటి షడ్జానికి అంతర గాంధారమైన చోటికి జరుగుతుంది. రెండవ భాగం ఇ-ఫ్లాట్‌లో, అనగా పంచమం మీద కుదురుకుని, చివరికి జి మీదకు, అంటే కాకలి నిషాదం మీదకు చేరుతుంది. మూడవ భాగమైన బ్రిడ్జిలో ముందు అదే జి మీద నిలిచి, తర్వాత ఇ మెట్టును, అంటే శుద్ధ ధైవతాన్ని షడ్జం చేసుకుంటుంది. నాలుగవ భాగంలో ఇల్లు చేరుతుంది. ప్రతి మజిలీలోనూ వినిపించేది అదే శంకరాభరణం మేళం, మారుతున్నది పీట. మన గ్రహభేదంలో స్వరాలు స్థిరంగా ఉండగా షడ్జం జరిగి కొత్త రాగం పుడుతుంది. ఇక్కడ షడ్జంతో పాటు మేళం మొత్తం జరుగుతుంది.

బ్రిడ్జి ముగింపులో కెర్న్ చేసిన పని ఈ పాటకు ఇంత ఆయుష్షు ఎందుకు వచ్చిందో చెబుతుంది. ఇ మెట్టు షడ్జంగా ఉన్నప్పుడు బాణీ జి-షార్ప్ మీద, అంటే ఆ కొత్త షడ్జానికి అంతర గాంధారం మీద ఆగుతుంది. ఆ స్వరం అలా మోగుతుండగానే కింద కార్డ్ మారుతుంది, మళ్లీ మారుతుంది, తీరా చూస్తే నాలుగవ భాగం మొదలై ఉంటుంది; అప్పటిదాకా గాంధారమైన ఆ మెట్టే ఎ-ఫ్లాట్, మనం బయలుదేరిన అసలు షడ్జం. పియానో మీద జి-షార్ప్, ఎ-ఫ్లాట్ రెండూ ఒకే నల్ల మెట్టు. బాణీ కదలకుండానే ఇంటికి చేరింది. అయితే అసలు షడ్జం తిరిగి వచ్చినా దాని కింద మోగే కార్డ్ ఎ-ఫ్లాట్ కాదు, ఎఫ్ మైనర్; కనుక ఇల్లు కనిపిస్తుంది గాని తలుపు ఇంకా తెరుచుకోదు. ఆ తర్వాత కార్డుల పునాది స్వరాలు ఎఫ్, బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్, ఎ-ఫ్లాట్ అంటూ ప్రతిసారీ శుద్ధ మధ్యమం ఎత్తున దూకుతూ పోతాయి. పశ్చిమ సంగీతానికి అలవాటు పడిన చెవికి ఆ దూకుడే ముందుకు లాగే బలం. మనకు రాగసంచారం ఇచ్చే ఎదురుచూపును వారికి ఈ కార్డుల గమనం ఇస్తుంది.

రాగం వెతికే చెవికి మరొక అడ్డంకి పియానో నిర్మాణంలోనే ఉంది. ఒక స్థాయిని సమానమైన పన్నెండు భాగాలుగా చేసి తీగలను బిగిస్తారు. మెట్టు నొక్కాక స్వరాన్ని లాగడం, ఊపడం, జార్చడం కుదరదు. ద్వారంవారి వయొలిన్ కమాను పుట్టిన గడ్డ మీద గమకం లేని వాద్యాన్ని సంగీతంగా ఒప్పించడం తేలిక కాదని నాకు తెలుసు. కాని పియానోకు ఉన్న ఐశ్వర్యం వేరు. ఒకే కార్డ్‌లోని స్వరాలను దగ్గరగా పేర్చవచ్చు, రెండు చేతుల మధ్య విడదీసి పేర్చవచ్చు, పునాది స్వరాన్ని బేస్‌కు వదిలేసి మిగిలినవి మాత్రమే వాయించవచ్చు. మెట్టును తాకే బరువులో వంద తేడాలు చూపవచ్చు. స్వరాన్ని దెబ్బకు కొంచెం ముందు గాని కొంచెం వెనుక గాని పలికించవచ్చు. సాహిత్యం సంగతి కూడా పూర్తిగా మరుగున పడదు. బొబ్బిలి వీణ మీద కీర్తన వాయించేటప్పుడు మీటు సాహిత్యపు అక్షరాలను అనుసరించి పడుతుంది. అలాగే స్టాండర్డ్ వాయించేవాడికి మాటలు తెలిసి ఉండాలన్న పట్టుదల పాత తరం జాజ్ వాద్యకారుల్లో ఉండేది. సాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ ఆ మాట మీద నిలబడినవారిలో ప్రసిద్ధుడు.

ఇక ముగ్గురి సంగతి. పియానో, నిలువెత్తు డబుల్ బేస్, డ్రమ్స్. మొదట్లో పియానో యజమాని, తక్కిన ఇద్దరూ పనివాళ్లు: బేస్ బార్‌కు నాలుగు స్వరాలు నడుస్తూ కార్డ్ పునాదిని చూపుతుంది, డ్రమ్స్ కాలం నిలుపుతాయి. ఈ ఏర్పాటును గట్టిగా కదిపినవారు పియానిస్టు బిల్ ఎవాన్స్, బేస్ వాద్యకారుడు స్కాట్ లఫారో, డ్రమ్మర్ పాల్ మోషన్. ముగ్గురూ కలిసి చేసిన తొలి ఆల్బమ్ ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’ 1959 డిసెంబరు 28న రికార్డయింది. అందులో ‘ఆటమ్ లీవ్స్’ వినండి. జోసెఫ్ కోస్మా బాణీ, జాక్ ప్రెవేర్ ఫ్రెంచి సాహిత్యం, జానీ మర్సర్ ఇంగ్లీషు మాటలతో అమెరికాలో స్థిరపడిన పాట. బాణీ ముగియగానే పద్ధతి ప్రకారం పియానో అల్లిక మొదలుకావాలి. ఇక్కడ అలా జరగదు. బేస్ ఒక ముక్క పలుకుతుంది, పియానో మరొక ముక్కతో అందుకుంటుంది, డ్రమ్స్ మధ్యలో రెండు దెబ్బలతో జోక్యం చేసుకుంటాయి, ఎవరూ నాలుగు దెబ్బల నడకను బాహాటంగా వినిపించరు. కాలం మాత్రం ఎక్కడా తప్పదు. ఆ సంభాషణ సాగిన తర్వాత బేస్ మామూలు నడకలో పడగానే, అంతసేపూ తాళం వారి లోపల నడుస్తూనే ఉందని మనకు తెలుస్తుంది. మృదంగం ఆగి గాయకుడు ఆలాపనలో ఉన్నప్పుడు కలిగే స్వేచ్ఛ కాదిది. తాళం లోపలే ఉండి తాళాన్ని దాచడం.

ఈ ముగ్గురూ కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్‌లు రెండే. రెండవది 1961 ఫిబ్రవరి నాటి ‘ఎక్స్‌ప్లొరేషన్స్’. అదే ఏడాది జూలై 6న లఫారో కారు ప్రమాదంలో మరణించాడు; అప్పటికి అతని వయస్సు 25.

స్టూడియో అన్న మాటను మనం తేలికగా తీసుకుంటాం. సినిమా పాటల రికార్డింగ్‌కు అలవాటు పడినవారికి స్టూడియో అంటే ముక్కలు ముక్కలుగా వాయించి అతికించే చోటు. ట్రయో విషయంలో అది సాగదు. ముగ్గురూ ఒకే గదిలో ఉంటే సింబల్ చప్పుడు పియానో మైక్‌లోకి, పియానో ధ్వని బేస్ మైక్‌లోకి చొరబడుతుంది. ఒక తప్పు స్వరాన్ని మాత్రమే తీసి సరిచేయడం కుదరదు. వేర్వేరు అరల్లో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే శుభ్రత వస్తుంది గాని, ఒకరి ఊపిరికి ఒకరు స్పందించడంలో ఎంతో కొంత తగ్గుతుంది. అందువల్ల ఎంపిక సాధారణంగా మొత్తం టేక్ (పాటను ఒకసారి పూర్తిగా వాయించి రికార్డు చేసినది) మీదే ఉంటుంది: చిన్న తొట్రుపాటు ఉన్నా ముగ్గురూ ఏకమైన టేక్ కావాలా, ఎక్కడా తప్పులేని చప్పని టేక్ కావాలా? మంచి ఆల్బమ్‌లన్నీ మొదటిదాని వైపే మొగ్గాయని నా నమ్మకం. ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’ కోసం ‘ఆటమ్ లీవ్స్’ను రెండుసార్లు రికార్డు చేశారు, ఒకటి స్టీరియో, ఒకటి మోనో, రెండూ నేడు అందుబాటులో ఉన్నాయి.

స్టాండర్డ్స్ ఆల్బమ్ అన్న మాట వినగానే జాజ్ శ్రోతకు స్ఫురించే మరొక పేరు పియానిస్టు కీత్ జారెట్. 1975లో కొలోన్ ఒపెరా భవనంలో ఏ పాటా ముందుగా అనుకోకుండా ఒంటరిగా వాయించిన కచేరీ ద్వారా అతనికి లోకమంతటా పేరు వచ్చింది. అటువంటి వాడు 1983 జనవరిలో న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో, బేస్ మీద గ్యారీ పీకాక్, డ్రమ్స్ మీద జాక్ డిజానెట్‌లతో కలిసి, అందరూ వాయించి అరగదీసిన పాత పాటలు ఎత్తుకోవడం అప్పట్లో వెనుకడుగుగా కనిపించి ఉండవచ్చు. ఇసిఎం రికార్డుల సంస్థ అధిపతి మన్‌ఫ్రెడ్ ఐకర్ నిర్మాతగా జరిగిన ఆ ఒక్క విడతలోనే మూడు ఆల్బమ్‌లకు సరిపడా సంగీతం తయారైంది: ‘స్టాండర్డ్స్’ మొదటి, రెండవ సంపుటాలు, పాత పాటలేవీ లేని ‘ఛేంజెస్’. ఒకే గదిలో అదే ముగ్గురు అప్పటికప్పుడు కల్పించిన సంగీతాన్నీ, పాత పాటలనూ పక్కపక్కనే వాయించారన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. స్టాండర్డ్ వారికి గతాన్ని తలచుకునే సాధనం కాదు. ముగ్గురికీ ముందే తెలిసిన దారి కనుక, దారి గురించి మాట్లాడుకోవలసిన అవసరం తప్పి, వినడానికి మనస్సు ఖాళీ అవుతుంది. ఆ ట్రయో 2014 దాకా కొనసాగింది.

మొదటి సంపుటంలో అయిదే పాటలు. చివరిది గాయని బిల్లీ హాలిడే, ఆర్థర్ హెర్జాగ్ కలిసి కట్టిన ‘గాడ్ బ్లెస్ ద చైల్డ్’, పదిహేను నిమిషాలకు పైగా సాగుతుంది. ఎల్‌పీ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టే రోజుల్లో ఒక పాటకు అంత చోటివ్వడం పెద్ద నిర్ణయం. ఇందులో పైన చెప్పిన స్వింగ్ నడక ఉండదు. డిజానెట్ సరిసమానమైన దెబ్బలతో, చర్చి పాటల ఛాయ ఉన్న నిదానపు నడక పట్టుకుంటాడు. జారెట్ కొద్దిపాటి కార్డులను తిప్పి తిప్పి వాయిస్తూ వాటి బరువు పెంచుతాడు. వాయిస్తూ అతను గొంతులో మూలిగే చప్పుడు మైకుల్లో స్పష్టంగా పడింది. ఆ మూలుగు భరించలేమని ఈ ఆల్బమ్‌ను పక్కన పెట్టేవారున్నారు. వీణ మీటుతూ గొంతు కలిపే వైణికులను విన్న మనకు అది అంత అడ్డు కాకూడదు, అయినా రాత్రివేళ హెడ్‌ఫోన్లలో వింటుంటే ఒక్కోసారి నాకూ విసుగే.

కొత్తగా వినేవారు నేరుగా ట్రయో దగ్గరికి వెళ్లకుండా ముందు పాట వినాలి. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1963లో కెర్న్ పాటలతో చేసిన ఆల్బమ్‌లో ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’ ఉంది. నోటికి వరుస వచ్చేదాకా దాన్ని విని, బ్రిడ్జి చివర ఆగే స్వరం దగ్గర చెవి నిలపాలి. ఆ తర్వాత జారెట్ మొదటి సంపుటంలోని రెండవ పాటగా అదే బాణీ వస్తుంది. ఈసారి పియానోను వదిలేసి పీకాక్ బేస్‌ను మాత్రమే వెంబడిస్తూ ఆది తాళం వేసుకుంటే, ప్రతి పద్దెనిమిది ఆవర్తనాలకూ పాట మొదటికి రావడం తెలుస్తుంది. కొన్ని ఆల్బమ్‌లలో పియానో నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు వంతులు వేసుకునే ఘట్టాలు ఉంటాయి. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం పంచుకున్నట్టే ఉంటుంది గాని, డ్రమ్స్ ఒంటరిగా మోగుతున్నప్పుడు కూడా కార్డుల వరుస నిశ్శబ్దంగా తిరుగుతూనే ఉంటుంది, పియానో మళ్లీ ప్రవేశించేది ఆ వరుసలో తన వంతు వచ్చిన కార్డ్ మీదే. లెక్క తప్పకుండా అక్కడికి చేరుకోగలిగినవారు ‘ఆటమ్ లీవ్స్’ రెండు టేకులనూ వెంటవెంటనే విని, బేస్ ఎక్కడ నోరు విప్పిందో, పియానో దానికి ఎంతసేపు చోటు విడిచిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.